గుణకార, భాగహార పద సమస్యలు

సమాన సమూహాలతో ముడిపడిన రాత లెక్కలో గుణించాలా, భాగించాలా అని నిర్ణయించడం ప్రాథమిక గణిత బోధనలో ఒక ముఖ్యాంశం. ఇటువంటి లెక్కలు తెలుగులో పాతవే. మహావీరాచార్యుని గణిత గ్రంథమైన గణితసార సంగ్రహాన్ని 11వ శతాబ్దిలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు.

సమూహాల సంఖ్య, ఒక్కో సమూహంలోని పరిమాణం, మొత్తం అనే మూడింటిలో మొత్తం తెలియకపోతే గుణకారం, మిగతా రెండింటిలో ఏది తెలియకపోయినా భాగహారం. భాగహారం రెండు విధాలు. 200 కిలోల బియ్యాన్ని 8 బస్తాలకు సమానంగా సర్దడం పంపకం. బస్తాకు 25 కిలోల చొప్పున ఎన్ని బస్తాలవుతాయో చూడటం కొలత.

ఆనవాలు మాటలను నమ్ముకోవడం నిలకడైన పద్ధతి కాదు. ‘చొప్పున’ అనే మాట ‘బస్తాకు 25 కిలోల చొప్పున 8 బస్తాల బరువెంత’ అనే గుణకారంలోనూ, పై భాగహారంలోనూ వస్తుంది.

గుణిస్తే పెరుగుతుంది, భాగిస్తే తగ్గుతుంది అన్న భావన పూర్ణసంఖ్యల అలవాటు వల్ల పాతుకుపోతుంది. పరిశోధకుడు ఫిష్‌బైన్ బృందం 1985లో ఈ ధోరణిని విశ్లేషించింది. లీటరు నూనె 160 రూపాయలైతే 0.75 లీటరు ధర అడిగినప్పుడు, జవాబు తగ్గాలని ఊహించి పిల్లలు భాగిస్తారు. అలా వచ్చే సుమారు 213 రూపాయల జవాబు లీటరు ధరనే మించుతుంది. గుణిస్తే సరైన జవాబు 120 రూపాయలు వస్తుంది.

బొమ్మ గీయించడం, జవాబును ముందే అంచనా వేయించడం, ఒకే సందర్భం నుంచి ఒక గుణకారం, రెండు భాగహారాలుగా మూడు లెక్కలు తయారు చేయించడం ఉపయోగపడే బోధన పద్ధతులు. వీటిలో మూడోది రెండు ప్రక్రియల విలోమ సంబంధాన్ని నేరుగా చూపుతుంది.