తెర మీద ఊరి పేరు

కామారెడ్డి, ఎల్లారెడ్డి పేర్లు నెట్‌లో తెలుగులో కనిపించడం వెనుక, చదువో ఉద్యోగమో పోగా మిగిలిన తీరికలో కంప్యూటర్‌తో కుస్తీ పట్టిన ఔత్సాహికులకే పెద్ద వాటా ఇవ్వాలి. 1990ల మొదట్లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ మామూలు ఇంగ్లిషు కీబోర్డుతోనే తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతి రూపొందించారు. అందులో 'డ్డి' రావాలంటే పెద్ద బడి డీ రెండుసార్లు కొట్టాలి. చిన్న బడిది కొడితే ఊరు కాస్తా 'కామారెద్ది' అయిపోతుంది. తర్వాత పత్రికల సైట్లు ఎవరి ఫాంటు వారిదన్నట్టు నడుస్తుంటే, ఆ రాతను అన్ని కంప్యూటర్లకూ ఉమ్మడి సంకేత పద్ధతైన యూనికోడ్‌లోకి మార్చే 'పద్మ' అనే ఉపకరణాన్ని వెన్న నాగార్జున రాశారు. 2006లో వీవెన్, ఇంగ్లిషు అక్షరాలు కొడితే యూనికోడ్ తెలుగు వచ్చే 'లేఖిని' తెచ్చారు.

యూనికోడ్ 1991లోనే తెలుగుకు చోటిచ్చింది, 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో వచ్చింది, ఇక వీళ్ల గొప్పేమిటి అనవచ్చు. అవి లేకుంటే పని ముందుకు సాగేది కాదు, ఒప్పుకోవాల్సిందే. కానీ ఫాంటు ఉన్నంత మాత్రాన రాసేవాళ్లు పుట్టరు; తెలుగు కీబోర్డు అమరిక ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకునే ఓపిక ఎందరికి? ఇదంతా విదేశాల్లో ఉన్నవాళ్ల సరదా అన్న మాటలోనూ కొంత నిజముంది. అయితే 2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో పల్లెలకు పేజీలు పెట్టినవాళ్లు జీతంలేని మనుషులే. 2016 అక్టోబరు 11న నిజామాబాద్ నుంచి కామారెడ్డి జిల్లా విడిపోతే, ఎల్లారెడ్డి వంటి మండలాల పేజీల్లో జిల్లా పేరు మార్చిందీ అలాంటివాళ్లే.