తుమ్మెద గూట్లో వయసులు

పుదుచ్చేరి పాత బస్టాండు దగ్గర, 1826లో ఫ్రెంచివాళ్లు వేసిన బొటానికల్ గార్డెన్‌లో ఉన్నారు మీరు. ఎండ ఇంకా ముదరలేదు. ఎదురుగా ఎండుకొమ్మ. దాని కింద నుసి సన్నగా, ఆగి ఆగి రాలుతోంది. పైన వేలు దూరేంత గుండ్రటి కన్నం. చెవి ఆనిస్తే లోపల గరగర.

నల్లటి తుమ్మెద వెనక్కి నడుస్తూ బయటికొచ్చింది. రెక్కల మీద నీలి మెరుపు. దీనికి పట్టు లేదు, రాణి లేదు, సాయం చేసే చెల్లెళ్లు లేరు. తవ్వడం, పుప్పొడి మోయడం, గుడ్డు పెట్టడం, అన్నీ ఒంటరిగానే.

పక్కనే ఒక కొమ్మ నేల మీద చీలి పడి ఉంది. వంగి చూడండి. సొరంగం పొడవునా గదులు, మధ్య చెక్కపొట్టు గోడలు. అన్నిటికన్నా లోపలి గదిలో ప్యూపా, కళ్లకు అప్పుడే రంగు ఎక్కుతోంది. తర్వాతి గదిలో పుప్పొడి ముద్ద తిని బలిసిన పిల్లపురుగు. చివర తెల్లటి గుడ్డు. కీటకాల గుడ్లలో ఇంత పెద్దవి అరుదు. గుడ్డు నుంచి తుమ్మెద దాకా ఒంట్లో జన్యువులు అవే. ఏ వయసులో ఏవి పలుకుతాయన్నదే తేడా.

ఆ పలుకును కొలిచే చోటికి రండి. జన్యువు పలికితే పుట్టే సందేశమే ఆర్ఎన్ఏ. అది త్వరగా పాడవుతుంది, అందుకే పురుగును వెంటనే ద్రవ నైట్రోజన్‌లో వేస్తారు. తెల్లటి పొగ చేతిని కొరుకుతుంది. గడ్డకట్టినదాన్ని నూరి, ఆర్ఎన్ఏ తీసి, దాన్ని డీఎన్ఏగా మార్చి క్యూపీసీఆర్ యంత్రంలో పెడతారు. ఒక్కో చక్రానికి నకళ్లు దాదాపు రెట్టింపు. ఒక నమూనా 20వ చక్రంలో, మరొకటి 23వ చక్రంలో హద్దు గీత దాటితే, మొదటిదాంట్లో ఆ సందేశం సుమారు 8 రెట్లు ఎక్కువ.

చిక్కు ఇక్కడే. దేనితో పోల్చి చూడాలి? వయసుతో మారని జన్యువు కావాలి. అలవాటుగా ఆక్టిన్‌ను వాడతారు. కానీ ప్యూపాలో పాత కండరాలు కరిగి రెక్కల కండరాలు పుడుతుంటాయి, ఆక్టిన్ కండరాల సరుకే. తూకంరాయే బరువు మారుతుంటే తూకం ఏం చెబుతుంది? అందుకే అనేక జన్యువులను ప్రతి దశలోనూ పరీక్షించి, 2002లో వచ్చిన జీనార్మ్ వంటి లెక్కలతో నిలకడైనవాటిని ఏరుతారు. పేరు రాని ఈ ఓపికే నాకు అన్నిటికన్నా గొప్ప పనిగా కనిపిస్తుంది.

ఈ తుమ్మెదకు తేనెటీగ లెక్కను అరువు తెచ్చుకుంటే సరిపోదు. థయాక్లోప్రిడ్ అనే పురుగుమందును విరిచే జన్యువులు తేనెటీగలో ఉన్నాయి. ఆకులు కత్తిరించి గూడు కట్టే ఒంటరి ఈగ మెగాకైలీ రొటుండాటాలో ఆ జన్యువుల కుటుంబమే లేదని 2019లో తేలింది. మన వంకాయ పువ్వును గుంయ్‌మని కదిలించి పుప్పొడి రాల్చేవాటిలో మన తుమ్మెద ఒకటి. ఆ పుప్పొడిలో మందు ఉంటే ఏ వయసు పురుగు ఎంత తట్టుకుంటుందో దాని ఒంట్లోనే కొలవాలి.