చెరిపేసిన గడియారం

గుడారంలో ఇద్దరు మనుషులు కూర్చుని ఉన్నారు. ఒకరు లిటిల్ ప్లూమ్, ఇంకొకరు ఆయన కొడుకు యెల్లో కిడ్నీ. అమెరికా మూలవాసుల్లో పీగన్ తెగవాళ్ళు. ఎడ్వర్డ్ కర్టిస్ 1910లో తీసిన ఫొటో ఇది. వాళ్ళిద్దరి మధ్యా ఒక చిన్న గడియారం ఉండేది. కర్టిస్ తన పుస్తకంలో అచ్చు వేసేసరికి గడియారాన్ని చెరిపేశాడు.

కర్టిస్ దుర్మార్గుడైతే ఈ కథ చెప్పుకోనక్కర్లేదు. 1868లో విస్కాన్సిన్‌లో పేదింట పుట్టాడు. పెద్దగా చదువుకోలేదు. సియాటిల్‌లో స్టూడియో పెట్టి, ఊళ్ళోని సంపన్నులందరూ వెతుక్కుంటూ వచ్చేంత పేరు తెచ్చుకున్నాడు. 1890ల్లో అక్కడి సముద్రపు ఒడ్డున ఒక ముసలామెను చూశాడు. ఆ నగరానికి ఎవరి పేరు పెట్టారో ఆ నాయకుడి కూతురు ఏంజెలీన్ ఆమె. ఆల్చిప్పలు ఏరుకుని పొట్టపోసుకునేది. ఫొటోకి నిలబడినందుకు ఒక డాలరు ఇచ్చాడు. అక్కడ మొదలైన ఆరాటం అతణ్ణి చివరిదాకా విడవలేదు.

మూలవాసుల తెగలన్నీ అంతరించిపోతున్నాయని, ఆలోగా వాళ్ళ ముఖాలు, పాటలు, ఆచారాలు భద్రపరచాలని కర్టిస్ గట్టిగా నమ్మాడు. 1906లో ధనికుడు జె.పి.మోర్గాన్ అయిదేళ్ళ ఖర్చుకు 75,000 డాలర్లు ఇచ్చాడు. అందులో కర్టిస్‌కు జీతమంటూ ఏమీ లేదు. అయిదేళ్ళన్న పని 1930 దాకా సాగింది. 80కి పైగా తెగలు, 40,000 ఫొటోలు, మైనపు గొట్టాల మీద పట్టిన 10,000 పాటలూ మాటలూ, 20 సంపుటాలు. ఒక్క మనిషి ఇంత చేశాడంటే నాకు ఇప్పటికీ చెయ్యెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

అయితే అతను ప్రేమించింది ఎవరిని? ఎదురుగా ఉన్న మనుషుల్నా, తన మనసులో ముందే గీసుకున్న బొమ్మనా? అప్పటికే ప్రభుత్వం వాళ్ళ పిల్లల్ని బడుల్లో పడేసి జుట్టు కత్తిరిస్తోంది, పండుగలు నిషేధిస్తోంది. ఆ బాధ కర్టిస్ పేజీల్లోకి దాదాపు రాలేదు. అతని దుబాసి, క్రో తెగకు చెందిన అలెగ్జాండర్ అప్‌షా అలాంటి బడిలోనే చదువుకుని సూటు వేసుకున్నవాడు. అతణ్ణి కూడా చొక్కా లేకుండా, తలకు ఈకల కిరీటంతో నిలబెట్టి ఫొటో తీశాడు. అప్‌షా 1909లో జైల్లో చనిపోయాడు. కెమెరా పట్టుకుని అరకు కొండలెక్కే మనం కూడా, చేతివాచీ తీసేయమని ఎవరినైనా అడిగామేమో ఒకసారి గుర్తుచేసుకోవాలి.

1914లో కర్టిస్ ఒక సినిమా కూడా తీశాడు. కెనడా పడమటి తీరంలో క్వాక్వాకవాక్వ్ ప్రజలకు విగ్గులు పెట్టించి, దేవదారు నార బట్టలు కట్టించి, వాళ్ళకు అలవాటే లేని తిమింగలం వేట ఆడించాడు. ఇక్కడే తీర్పు చెప్పడం కష్టమవుతుంది. వాళ్ళ పోట్లాచ్ వేడుకను అప్పట్లో కెనడా చట్టం నిషేధించింది. చట్టం వద్దన్న ముసుగులు పెట్టుకుని, చట్టం వద్దన్న నాట్యాలు పట్టపగలు ఆడే వీలు ఆ సినిమా వల్లే దొరికింది. వేట అబద్ధమే కానీ ఆట వాళ్ళదే.

సినిమాకు డబ్బు రాలేదు. తర్వాత న్యూయార్క్‌లోని ఒక మ్యూజియానికి 1,500 డాలర్లకు అమ్మేసుకున్నాడు. ఏళ్ళ తరబడి ఇంటి మొహం చూడని మొగుడి మీద భార్య క్లారా 1916లో విడాకుల దావా వేసింది. 1919లో స్టూడియో ఆమెకు దక్కింది. ఆమె చేతికి పోకూడదని కర్టిస్, కూతురు బెత్ కలిసి గాజు నెగెటివ్‌లను పగలగొట్టారు. భద్రపరచడానికే బతుకు ధారపోసిన మనిషి చేతులే ఆ పని చేశాయి. హాలీవుడ్‌లో కూలికి కెమెరా తిప్పాడు. 1927లో అలాస్కా నుంచి తిరిగొస్తుంటే భరణం బాకీ కింద సియాటిల్‌లో అరెస్టు చేశారు. చివరి సంపుటం వచ్చేనాటికి దేశం ఆర్థికమాంద్యంలో కూరుకుపోయింది. ఆ సంపుటాల సెట్లు 500 వేద్దామనుకుంటే 300 కూడా అమ్ముడుపోలేదు. 1935లో మిగిలిన సెట్లు, వేలాది ప్రింట్లు, రాగి పలకలు బోస్టన్‌లోని ఒక పుస్తకాల వ్యాపారికి 1,000 డాలర్లకు వెళ్ళిపోయాయి. హక్కులు అంతకుముందే మోర్గాన్ కుటుంబానివి. కర్టిస్‌కు ఏమీ రాలేదు.

1952 అక్టోబర్ 19న లాస్ ఏంజెలెస్‌లో, కూతురి ఇంట్లో పోయాడు. వయసు 84. న్యూయార్క్ టైమ్స్ కొద్ది వాక్యాలతో సరిపెట్టింది. ఆయనకు ఫొటోగ్రాఫర్‌గా కూడా పేరుందని చివర్లో చేర్చింది.

అంతరించిపోతారని అతను అనుకున్న మనుషులు అంతరించలేదు. పీగన్లు నేటికీ మోంటానాలో ఉన్నారు. కెనడా తీరంలో క్వాక్వాకవాక్వ్ ప్రజలు 1970ల్లో ఆ సినిమాకు తమ గొంతులతో పాటలు, మాటలు కలిపారు.

వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో చెరపని ఫొటో ఉంది. అందులో తండ్రీకొడుకుల మధ్య గడియారం అలాగే ఉంది.