మోటారు పడవ డెక్కు రెయిలింగు: వదులైన బిగింపులకు మళ్లీ సీలు వేయడం

మోటారు పడవ అంచున మనిషి నీళ్లలో పడకుండా ఆపేది స్టీలు రెయిలింగు. దాన్ని డెక్కుకు బిగించే బిళ్లలు వదులైనప్పుడు, వాటిని విప్పి నీరు దిగకుండా తిరిగి బిగించే మరమ్మతు ఇది. రెయిలింగు పట్టుకుని బరువు వేసినప్పుడల్లా బోల్టు చుట్టూ సీలెంటు కొద్దికొద్దిగా ఊడి సందు పడుతుంది. పైకి కనిపించే కారుడు చిన్నదే. అసలు నష్టం లోపల జరుగుతుంది. చాలా ఫైబర్‌గ్లాస్ డెక్కుల్లో రెండు పొరల నడుమ బాల్సా చెక్క గానీ ప్లైవుడ్ గానీ ఉంటుంది. బోల్టు రంధ్రం గుండా చేరిన నీరు బయటికి పోయే దారిలేక ఆ చెక్కను కుళ్లబెడుతుంది. గాలి తగలని తడిలో స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టుకు సైతం తుప్పు పడుతుంది.

అందుకే నట్టును మరికాస్త బిగించడం మరమ్మతు కాదు. బిళ్లను పూర్తిగా తీసి పాత సీలెంటును గీకాలి. సిలికాన్ జిడ్డు మిగిలితే కొత్తది అంటదు. తడిసిన చెక్కను ఆరనివ్వాలి, కుళ్లినదాన్ని తొలగించాలి. తర్వాత రంధ్రాన్ని పెద్దది చేసి చిక్కటి ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక బోల్టుకు సరిపడా మధ్యలో మళ్లీ తొలవాలి. అప్పుడు సీలు చెడినా చెక్కకు తడి తగలదు. రంధ్రం పైఅంచును ఏటవాలుగా చెక్కితే సీలెంటు అక్కడ ఉంగరంలా కూర్చుంటుంది.

సీలెంటుగా బ్యూటైల్ టేపు, పాలీసల్ఫైడ్, పాలీయురెథేన్ వాడతారు. గట్టిగా అతుక్కునే పాలీయురెథేన్ రకాలను తర్వాత ఊడదీయడం కష్టం కనుక రెయిలింగుకు బ్యూటైలే మేలు. బిగించేటప్పుడు పై బోల్టును తిరగకుండా పట్టుకుని కింది నట్టునే తిప్పాలి. డెక్కు అడుగున వెడల్పాటి లోహపు పలక వేస్తే బరువు పరుచుకుంటుంది. బ్యూటైల్ మెల్లగా పక్కలకు జరుగుతుంది గనుక కొన్ని రోజులయ్యాక నట్లను మరోసారి బిగించాలి.