అడ్మిషన్ రిజిస్టర్ నుంచి పోర్టల్ దాకా: మన పేరు రాసిన గడుల చరిత్ర



ఈ వారం రాయాల్సిన భాగాన్ని పక్కన పెట్టి వేరే సంగతి రాస్తున్నాను. మా కాలేజీలో జరిగిన ఒక చిన్న విషయం నన్ను రెండు వందల ఏళ్ల వెనక్కి తీసుకుపోయింది. ఓపికగా చదవండి. చివర్లో మీకు ఒక పని కూడా ఉంది.

మాది పెండ్లిమర్రి. నేను ఒక డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్తాను. ఈ ఏడాది మా కాలేజీ పాత రికార్డుల పద్ధతి వదిలి, విద్యార్థుల వివరాలన్నీ ఒకేచోట ఉండే కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి మారింది. అడ్మిషన్, ఫీజు, హాజరు, మార్కులు, టీసీ, అన్నీ అందులోనే. పాత వివరాలు ఎక్కించే పని ముగ్గురు లెక్చరర్లకు వేశారు. తెలుగు సార్‌కు పని తక్కువ అనుకుంటారు కాబట్టి ముగ్గురిలో నేనూ ఉన్నాను.

రెండో వారంలో ఒక తల్లి, కూతురు కంప్యూటర్ ల్యాబ్ తలుపు దగ్గర నిలబడ్డారు. ఆ అమ్మ కూలికి పోకుండా బస్సెక్కి వచ్చింది.

"సార్, మా పాప స్కాలర్‌షిప్పు నిలబడిపోయిందంట. కులం తప్పు పడిందంట. మా కులం మేం మార్చుకోలేదు గదా సార్, అదెట్ల మారింది?"

స్క్రీన్ తెరిచి చూశాను. ఆ పాప పేరు చివర మేరీ అని ఉంది. ఎమ్మార్వో ఇచ్చిన సర్టిఫికెట్‌లో ఎస్సీ అని ఉంది. మా దగ్గర వివరాలు ఎక్కించినవాళ్లు సర్టిఫికెట్ తెరిచి చూడలేదు. పేరు చూసి, డ్రాప్‌డౌన్‌లో బీసీ-సీ నొక్కేశారు. పేరును బట్టి మతం, మతాన్ని బట్టి కులం. రెండు క్లిక్కుల పని. దరఖాస్తులో ఒక కులం, కాలేజీ రికార్డులో ఇంకో కులం ఉండేసరికి ఫైలు ఆగిపోయింది.

ఎక్కించింది మా బృందమే. అంటే ఆ తప్పులో నాకూ వాటా ఉంది. అందుకే రాస్తున్నాను.

1.

విద్యార్థుల వివరాలను గడులు గీసి నింపడం కంప్యూటర్‌తో మొదలు కాలేదు. మన దత్త మండలాలను 1800 నుంచి 1807 దాకా ఏలిన థామస్ మన్రో, తర్వాత మద్రాసు గవర్నర్ అయ్యాక, 1822లో కలెక్టర్లందరికీ ఒక ఫారం పంపించాడు. మీ జిల్లాలో బడులెన్ని, చదివేవాళ్లు ఎందరు, వాళ్లలో బ్రాహ్మణులెందరు, వైశ్యులెందరు, శూద్రులెందరు, ఇతర కులాలవాళ్లు ఎందరు, ముసల్మానులెందరు, మగపిల్లలెందరు, ఆడపిల్లలెందరు అని. మన ప్రాంతంలో పెద్ద ఎత్తున జరిగిన తొలి విద్యార్థి సమాచార సేకరణ అదే అనుకోవచ్చు.

లెక్కలన్నీ వచ్చాక 1826లో మన్రో తేల్చింది ఇది: రాజధాని మొత్తంలో 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు, జనాభా కోటీ 28 లక్షల పైచిలుకు. మన పక్కనున్న బళ్లారి జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు. ఆ 6,641 మందిలో ఆడపిల్లలు 60 మంది.

1983లో ధరంపాల్ ఈ లెక్కలనే పుస్తకంగా వేశాడు. బ్రిటిష్‌వాళ్లు రాకముందు బడులు అందరికీ తెరిచే ఉండేవని చెప్పేవాళ్లకు ఇప్పటికీ ఆ పుస్తకమే ఆధారం. శూద్రుల గడిలో అంకెలు పెద్దవిగా ఉన్నమాట నిజమే. మరి మనం ఏ గడిలో ఉన్నాం? "ఇతర కులాలు" అనే గడిలో ఉన్నామా? ఉంటే ఎందరం? ఆ గడిలో మాలలున్నారో, మాదిగలున్నారో, మాకంటే కొంచెం పైమెట్టు కులాలవాళ్లే ఉన్నారో ఆ ఫారం చెప్పదు. చెప్పేటట్టు దాన్ని గీయలేదు. ఫారం గీసినవాడు ఏ గడి పెట్టలేదో, ఆ ప్రశ్నకు చరిత్రలో జవాబు ఉండదు. డేటాబేస్ గురించి నాకు తెలిసిన మొదటి పాఠం ఇదే. దీన్ని నేను కంప్యూటర్ క్లాసులో నేర్చుకోలేదు, 1822 నుంచి నేర్చుకున్నాను.

2.

రెండో పాఠం: గడిలో పేరు పడాలంటే ముందు గడప దాటనివ్వాలి.

1856లో ధార్వాడలో ఒక మహర్ పిల్లవాడు సర్కారు బడిలో చేర్చుకోమని దరఖాస్తు పెట్టాడు. చేర్చుకోలేదు. ఆ ఒక్క దరఖాస్తు బొంబాయి ప్రభుత్వాన్ని, కలకత్తాను, లండన్‌ను కదిలించింది. సర్కారు బడులు అన్ని కులాలకూ తెరిచి ఉండాలని 1858లో కంపెనీ డైరెక్టర్లు చెప్పాల్సి వచ్చింది. చెప్పడం వేరు, జరగడం వేరు. పంచముల చదువు కోసం మద్రాసు ప్రభుత్వం ప్రత్యేక ఉత్తర్వు ఇవ్వడానికి 1893 దాకా పట్టింది. 1920ల్లో కూడా మామూలు బడులు మన పిల్లల్ని రానివ్వని చోట్ల, లేబర్ శాఖ వేరే బడులు పెట్టాల్సి వచ్చింది.

మన జిల్లాలో ఆ గడప తెరిచినవాళ్లలో మిషనరీలు ఉన్నారు. 1822లో లండన్ మిషన్ కడపకు వచ్చింది. 1850 ప్రాంతం నుంచి మాల పల్లెలు గుంపులు గుంపులుగా ఆ వైపు నడిచాయి. జమ్మలమడుగులో క్యాంప్‌బెల్ ఆసుపత్రి పేరు ఇప్పటికీ వింటాం. బడి కావాలి, మందు కావాలి, మనిషిగా చూడాలి. ఎవరు చూస్తే వాళ్ల దగ్గరికి పోయినారు. మేరీ, జాన్, డేవిడ్, ఈ పేర్లన్నీ ఆ నడకలో వచ్చినవే. ఇప్పుడు వాటిలో కొన్ని చర్చికి పోయే ఇళ్లలో ఉన్నాయి, కొన్ని గంగమ్మకు బోనం పెట్టే ఇళ్లలో ఉన్నాయి. జేజి పేరని మనవరాలికి పెట్టుకుంటారు. పేరుకు ఇన్ని తరాల చరిత్ర ఉంది. దాన్ని డ్రాప్‌డౌన్ ముందు కూర్చున్న మనిషి రెండు సెకన్లలో తేల్చేశాడు.

1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం మొదట హిందువులే ఎస్సీలు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవం తీసుకున్న దళితులను ఇప్పటికీ చేర్చలేదు. మన రాష్ట్రంలో వాళ్లు బీసీ-సీ. ఈ చట్టం న్యాయమైందా కాదా అన్నది పెద్ద చర్చ, దానికి వేరే భాగం రాస్తాను. కానీ చట్టం ఏదైనా, ఎవరు ఏ కులమో విచారించి తేల్చే పద్ధతి ఒకటి ఉంది. 1993 నాటి కుల ధ్రువీకరణ చట్టం, 1997 నాటి నియమాలు ఉన్నాయి. పేరు చూసి తేల్చే అధికారం కాలేజీ గుమాస్తాకు గానీ, తెలుగు లెక్చరర్‌కు గానీ ఏ చట్టమూ ఇవ్వలేదు.

3.

మా ఇంటి సంగతి చెప్తాను.

మా జేజినాయన నాలుగో తరగతి దాకా చదివినాడు. ఆయన చదివిన బడి రిజిస్టర్‌లో కులం దగ్గర "ఆది ఆంధ్ర" అని ఉంది. ఆ మాట దానంతట అది రాలేదు. 1917 నవంబర్‌లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన పంచముల మహాసభ జరిగింది. మేం పంచములం కాదు, ఈ నేల తొలి మనుషులం, ఆది ఆంధ్రులం అని సభ పేరునే మార్చుకున్నారు. 1922లో మద్రాసు ప్రభుత్వం కూడా ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర అనే పేర్లు వాడమని ఉత్తర్వు ఇచ్చింది. అంటే మా జేజినాయన గడిలో ఉన్నది ఒక ఉద్యమం ఇచ్చిన పేరు.

మా నాయన రిజిస్టర్‌లో "మాల" అని ఉంది. నా రిజిస్టర్‌లో "ఎస్సీ" అని ఉంది. వర్గీకరణపై 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. 2025లో రాష్ట్ర ప్రభుత్వం ఎస్సీలను మూడు గ్రూపులు చేసింది. కాబట్టి ఇప్పుడు మా అన్న కొడుకు వివరాల్లో ఎస్సీ పక్కన గ్రూపు గడి కూడా నింపాలి. ఒకే ఇల్లు, నాలుగు తరాలు, నాలుగు గడులు. మనుషులం మేమే. గడులు మారడానికి మాత్రం ప్రతిసారీ ఎవరో ఒకరు పోరాడారు, లేదా ఎవరో ఒకరు ఉత్తర్వు ఇచ్చారు.

గడి వల్ల ఎప్పుడూ నష్టమే అని నేను అనను. 1944లో ఎస్సీ విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మొదలైంది. బాబాసాహెబ్ అప్పుడు వైస్రాయ్ కౌన్సిల్‌లో సభ్యుడు. ఆ స్కాలర్‌షిప్ అందాలంటే రిజిస్టర్‌లో కులం ఉండాలి. వెలి వేయడానికి గీసిన గడినే హక్కు అడిగే గడిగా మార్చుకున్నాం. అందుకే ఆ గడి తప్పుగా పడితే మనకు అంత నొప్పి. రోహిత్ వేముల పోయిన తర్వాత కూడా ఆయన కులం ఏమిటన్న దాని మీదే ఏళ్ల తరబడి వాదించారు. చనిపోయినవాడి సర్టిఫికెట్ తిరగేసే వ్యవస్థ, బతికున్న పిల్ల సర్టిఫికెట్ తెరిచి చూడదు.

4.

ఇప్పుడు అసలు సంగతి.

వివరాలు ఎక్కించడం సగం అయ్యాక ఒక మీటింగ్ పెట్టారు. కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి గత ఐదేళ్ల వివరాలు చాలు అన్నారు. "అంతా ఆన్‌లైన్ అయినాక ఈ బీరువాలెందుకు సార్, ఆ గది ఖాళీ చేస్తే స్టాఫ్‌రూం వస్తుంది" అని ఒకాయన అన్నాడు. పాత రిజిస్టర్లు కాగితాల బేరగానికి పోతాయన్నమాట.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మరుసటి రోజు బీరువా తెరిచి కూర్చున్నాను. చెదలు తిన్న అంచులు, ఆకుపచ్చ సిరా, ఎర్ర సిరా. పాత గుమాస్తాలు తప్పు రాస్తే దాన్ని చెరిపేయలేదు. ఒక గీత కొట్టి, పక్కన సరైనది రాసి, ప్రిన్సిపాల్ పొట్టి సంతకం తీసుకున్నారు. గీత కింద పాత అక్షరం ఇప్పటికీ కనబడుతుంది. ఎవరు మార్చారో, ఎప్పుడు మార్చారో తెలుస్తుంది. మా కొత్త సాఫ్ట్‌వేర్‌లో ఆ పాప కులం ఎవరు నొక్కారని అడిగితే, "అడ్మిన్" అని మాత్రమే చూపించింది. ఆ లాగిన్ మేం ముగ్గురమూ వాడతాం.

ఈ రిజిస్టర్లు పోతే ఏం పోతుంది? కుల ధ్రువీకరణ విచారణలో తండ్రి బడి రికార్డు, తాత బడి రికార్డు అడుగుతారు. 371-డి అధికరణం కింద 1974లో వచ్చిన ఉత్తర్వు ప్రకారం స్థానిక అభ్యర్థి అని నిరూపించుకోవాలంటే ఎక్కడ చదివామో చూపాలి. భూమి పత్రాలు ఉన్నవాళ్లకు ఇంట్లో వేరే కాగితాలు ఉంటాయి. మనకు మూడు తరాల ఉనికికి బడి రిజిస్టరే పత్రం. మనకు పట్టా లేకపోయినా అడ్మిషన్ నంబర్ ఉంది.

సతారాలో ఒక ప్రభుత్వ బడి ఉంది. 1900 నవంబర్ 7న ఆ బడి రిజిస్టర్‌లో 1914 నంబర్ ఎదురుగా ఒక పిల్లవాడి పేరు రాశారు: భివా రామ్‌జీ అంబేడ్కర్. ఆ రిజిస్టర్‌ను ఇప్పటికీ భద్రంగా దాచారు. మహారాష్ట్రలో ఆ తేదీని విద్యార్థి దినంగా జరుపుతారు. గది ఖాళీ చేయాలని ఎవరైనా ఆ పుస్తకాన్ని అమ్మేసి ఉంటే? మన పల్లె నుంచి మొదటిసారి డిగ్రీకి వచ్చిన మాదిగ ఆడబిడ్డ పేరు కూడా ఇలాంటి ఒక పుస్తకంలోనే ఉంటుంది. ఆమె ఎవరో మనమింకా వెతకలేదు.

నేను రాతపూర్వకంగా మూడు అడిగాను. పాత రిజిస్టర్లన్నీ స్కాన్ చేశాక కూడా అసలువి ఉంచాలి. కులం, పేరు, పుట్టిన తేదీ, ఈ మూడు గడులు సర్టిఫికెట్ చూసి మాత్రమే నింపాలి, నింపాక విద్యార్థికి ప్రింట్ ఇచ్చి సంతకం తీసుకోవాలి. ఎవరి లాగిన్ వాళ్లకు ఉండాలి, ఎవరు ఏది మార్చారో నమోదు కావాలి. రెండోదానికి ఒప్పుకున్నారు. మూడోది కంపెనీవాళ్లను అడుగుతామన్నారు. మొదటిదానికి దసరా దాకా గడువిచ్చారు. సాయంత్రాలు పదకొండు మంది విద్యార్థులు ఫోన్లతో ఒక్కో పేజీ ఫోటో తీస్తున్నారు. ఆ పదకొండు మందిలో ఆ పాప కూడా ఉంది. ఆమె కులం సరి కావడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాల్లో వాళ్లమ్మ మూడుసార్లు కూలి పోగొట్టుకుంది. ఆ కూలి డబ్బుల లెక్క ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ గడి లేదు.

ఇక మీ పని. మీ కాలేజీలో మీ వివరాలు ఏమని ఎక్కించారో అడిగి ప్రింట్ తీసుకోండి. పదో తరగతి మెమోలో ఉన్న అక్షరాలతో పేరు పోల్చుకోండి. ఆధార్‌లో వేరేగా ఉంటే స్కాలర్‌షిప్ దరఖాస్తుకు ముందే సరిచేసుకోండి. కులం గడి మీ సర్టిఫికెట్‌తో సరిపోయిందో లేదో చూడండి. తప్పుంటే నోటితో చెప్పి రావద్దు, రాసిచ్చి, నకలు మీద సంతకం తీసుకోండి. తర్వాత మీ ఊరి ప్రాథమిక బడికి పోండి. హెడ్మాస్టర్ గారిని గౌరవంగా అడిగి, మీ నాయనదో, అమ్మదో, జేజినాయనదో పేరున్న పేజీ చూడండి. ఆ కులం గడిలో ఏ మాట ఉందో నాకు రాయండి. ఎవరి పేర్లూ బయట పెట్టను. ఆ మాటలన్నీ కలిపి వచ్చే భాగం రాద్దాం.

జై భీమ్.