ఫ్రీడం పార్కు గోడల వెనుక ఒక తెలుగు పేరు

ఈసారి పోస్టు కాస్త పొడవుగానే ఉంటుంది. ఓపిగ్గా చదవమని మనవి.

శేషాద్రి రోడ్డు మీదుగా వెళ్లేవాళ్లందరికీ ఫ్రీడం పార్కు తెలుసు. నగరంలో ఎవరికి ఏ కష్టం వచ్చినా ధర్నా చేసేది అక్కడే. 2008లో పార్కు కాకముందు అది బెంగుళూరు సెంట్రల్ జైలు. పార్లమెంటరీ కమిటీ పని మీద బెంగుళూరు వచ్చిన వాజ్‌పేయి, అద్వానీ, మధు దండవతేలను 1975 జూన్ 26న ఇక్కడే అరెస్టు చేసి ఆ జైల్లో పెట్టారు. ఈ సంగతి చాలామంది చెబుతారు. అదే జైల్లో ఎనిమిది నెలలకు పైగా ఉండి, బయటికి వచ్చిన అయిదో రోజున కన్నుమూసిన స్నేహలతా రెడ్డి గారి సంగతి మాత్రం మన సభల్లో పెద్దగా వినబడదు.

ఆమె 1932లో ఆంధ్రలో పుట్టారు. నెల్లూరి కవి, 'ఫిడేలు రాగాల డజన్' రాసిన తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి గారి భార్య. మద్రాసులో నాటకాలు వేశారు. 1970లో పట్టాభి గారు తీసిన కన్నడ సినిమా 'సంస్కార'లో చంద్రి పాత్ర ఆమెదే. అనంతమూర్తి గారి నవల ఆధారంగా తీసిన ఆ సినిమా జాతీయ స్థాయిలో ఉత్తమ చిత్రమైంది. ఒక తెలుగు దంపతులు కన్నడ సినిమాకు అంత గౌరవం తెచ్చారని మనం గర్వంగా చెప్పుకుంటాం. ఆ తర్వాత జరిగింది కూడా చెప్పుకోవాలి కదా.

ఎమర్జెన్సీలో సోషలిస్టు నాయకుడు జార్జి ఫెర్నాండెజ్ అజ్ఞాతంలోకి వెళ్లారు. పట్టాభి, స్నేహలత గార్లు ఆయనకు స్నేహితులు. ఆయన తల్లి, తమ్ముళ్లు ఉండేది బెంగుళూరులోనే. మనిషి దొరక్కపోతే పోలీసులు ఏం చేస్తారు? అయినవాళ్ల మీద పడతారు. 1976 మే 1న జార్జి తమ్ముడు లారెన్సును తీసుకెళ్లారు. అన్న ఎక్కడున్నాడో చెప్పమని చిత్రహింసలు పెట్టారు. రోజుల తరబడి కొడుకు ఎక్కడున్నాడో తల్లికి తెలియదు. చివరికి కనబడినప్పుడు ఆసరా లేకుండా నడవలేని స్థితిలో ఉన్నాడు. ఆ తల్లి ఆలిస్ ఫెర్నాండెజ్ జరిగిందంతా ఉత్తరంగా రాసి రాష్ట్రపతికి పంపారు.

లారెన్సును పట్టుకున్న మర్నాడే, మే 2న, స్నేహలత గారిని అరెస్టు చేశారు. తేదీలు గమనించండి. అంతకు నాలుగు రోజుల ముందే, ఏప్రిల్ 28న, సుప్రీంకోర్టు జబల్పూర్ కేసులో తీర్పు ఇచ్చింది. ఎమర్జెన్సీ ఉన్నంతకాలం, అక్రమంగా నిర్బంధించారని కోర్టుకు వెళ్లే హక్కు ఎవరికీ లేదని అయిదుగురు జడ్జిల్లో నలుగురు అన్నారు. కాదన్నది జస్టిస్ ఖన్నా ఒక్కరే. అడిగే కోర్టు లేదని తెలిశాక లాఠీకి భయమేముంటుంది?

స్నేహలత గారికి ఉబ్బసం. జైల్లో సరైన వైద్యం అందలేదు. రాత్రుళ్లు ఆమె కేకలు తన గదిలోకి వినబడేవని అదే జైల్లో ఉన్న దండవతే తర్వాత రాశారు. ఇంత చేసి, బరోడా డైనమైట్ కేసు చార్జిషీటులో ఆమె పేరే లేదు. నేరం ఏమిటో చెప్పకుండానే మీసా కింద ఉంచారు. ఆరోగ్యం పూర్తిగా చెడ్డాక 1977 జనవరి 15న పెరోలు మీద వదిలారు. 18న ఎన్నికలు ప్రకటించారు. 20న ఆమె పోయారు. జైల్లో ఆమె రాసుకున్న డైరీ ఆ ఏడాదే పుస్తకంగా వచ్చింది. తన బాధతో పాటు తోటి మహిళా ఖైదీల పడరాని పాట్లు కూడా ఆమె అందులో రాశారు. వాళ్ల కోసం ఆమె జైలు అధికారులతో పోట్లాడారు.

ఇది ఎమర్జెన్సీ నాటి మాట, ఇప్పుడెందుకు అని కొందరు అనవచ్చు. ఎమర్జెన్సీ పోయిన ఏడాదికి, 1978 మార్చిలో, హైదరాబాదు నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో జరిగింది గుర్తుచేసుకోండి. రమీజాబీ కేసుగా తెలుగువాళ్లందరికీ తెలిసిందే. రాత్రి సినిమా చూసి వస్తున్న బీద ముస్లిం దంపతులను ఆపారు. భార్య మీద స్టేషన్‌లో అత్యాచారం చేశారు, అడగబోయిన భర్తను కొట్టి చంపారు. ఊరు ఊరంతా రోడ్ల మీదికి వచ్చింది, కాల్పులు జరిగాయి, కర్ఫ్యూ పెట్టారు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను తప్పుపట్టింది. కేసు మాత్రం మన కర్ణాటకకే, రాయచూరు కోర్టుకు, బదిలీ అయింది. 1981లో పోలీసులు నిర్దోషులుగా బయటపడ్డారు. మధ్యలో ఆ భార్య నడవడిక మీద వేయని నింద లేదు.

పేరున్న నటి, ఇంగ్లిషు వచ్చిన మనిషి అయిన స్నేహలత గారి గతే అలా అయింది. ఏమీ లేనివాళ్ల గతి ఎలా ఉంటుందో నల్లకుంట చూపించింది. రెండు చోట్లా దెబ్బ తిన్న మనిషితో పాటు చుట్టూ ఉన్నవాళ్లు కూడా నలిగిపోయారు. బంధువులు రాకపోకలు తగ్గిస్తారు. పక్కింటివాళ్లు తలుపు వేసుకుంటారు. 'ఏదో చేసే ఉంటాడు, లేకపోతే ఊరికే పట్టుకెళ్తారా' అనే మాట మొదట మనవాళ్ల నోటే వస్తుంది. లాఠీ తగిలింది ఒక్కడికే అయినా భయం పట్టుకునేది వీధి మొత్తానికి. పరాయి ఊళ్లో బతికేవాళ్లకు ఆ భయం ఇంకా ఎక్కువ.

అనంతపురం, కర్నూలు, పాలమూరు నుంచి వచ్చి ఈ ఊళ్లో అపార్టుమెంట్లు కడుతున్న మేస్త్రీలు, కూలీలు మనవాళ్లే. దొంగతనం జరిగితే మొదట అనుమానం వచ్చేది వాళ్ల షెడ్ల మీదే. అలాంటప్పుడు ఫోను వస్తే 'సంఘం ఇలాంటి వాటిలో కలగజేసుకోకూడదు' అంటాం. ఉగాదికి చందా అడగడానికి మాత్రం వాళ్లూ తెలుగువాళ్లే.

కలగజేసుకోవడమంటే గొడవ పెట్టుకోవడం కాదు. 1986లో పశ్చిమ బెంగాల్‌లో న్యాయ సహాయ సంస్థ నడిపే డి.కె. బసు, లాకప్ మరణాల వార్తలు చదివి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి ఒక ఉత్తరం రాశారు. కోర్టు దాన్నే పిటిషన్‌గా తీసుకుంది. పదేళ్ల తర్వాత, 1996 డిసెంబర్ 18న, అరెస్టు ఎలా చేయాలో నియమాలు పెట్టింది. పోలీసు పేరు కనబడే బ్యాడ్జి పెట్టుకోవాలి. అరెస్టు చేసిన సమయం, తేదీతో కాగితం రాయాలి. ఇంట్లోవాళ్లకో స్నేహితుడికో తెలియజేయాలి. కస్టడీలో ఉన్నంతకాలం 48 గంటలకోసారి డాక్టరు చూడాలి. 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలన్నది రాజ్యాంగంలోనే ఉంది. స్టేషన్లలో సీసీ కెమెరాలు ఉండాలని 2020లో సుప్రీంకోర్టు మళ్లీ గట్టిగా చెప్పింది.

ఇందులో మనకు పనికొచ్చే మాట ఒకటుంది. ఆ అరెస్టు కాగితం మీద ఇంటివాళ్లలో ఒకరు గానీ, ఆ ప్రాంతంలో గౌరవం ఉన్న మనిషి గానీ సాక్షి సంతకం చేయాలి. కూలీ పని చేసుకునే కుర్రాడి ఇంటివాళ్లు ఎక్కడో పాలమూరులో ఉంటారు. ఆ 'గౌరవం ఉన్న మనిషి' మనలో ఎవరైనా కావచ్చు. రిటైరైన బ్యాంకు మేనేజర్లు, లెక్చరర్లు, లాయర్లు మన సంఘంలో ఎంతమంది లేరు? పోలీసు శాఖలో పనిచేస్తున్న మన పిల్లలూ ఉన్నారు. రూలు ప్రకారం నడుచుకునే ఆఫీసరుకు ఇలాంటి సాక్షి ఉండటం మేలే.

అందుకే వచ్చే కార్యవర్గ సమావేశంలో రెండు విషయాలు పెట్టాలనుకుంటున్నాను. ఒకటి, ఈ నియమాలను తెలుగులో, కన్నడంలో ఒక చిన్న కార్డుగా అచ్చువేసి, మన లాయర్ సభ్యుల ఫోన్ నంబర్లతో కూలీల షెడ్లలో పంచడం. రెండు, జనవరి 20న ఫ్రీడం పార్కులో స్నేహలత గారి పేరున ఓ గంట కూర్చోవడం. ఆవిడ డైరీ చదివినవాళ్లు ఉంటే ఆ రోజు మాట్లాడాలి. కార్డుల ఖర్చు పెద్దగా ఉండదు. పేర్లు ఇవ్వదలచినవాళ్లు, ముఖ్యంగా లాయర్లు, కింద రాయండి.