మాట నిలిచిన చోటే శాంతి: గండికోట, బైతుల్ మఖ్దిస్‌ల చరిత్ర బోధించే పాఠము





ప్రతి జుమా నాడు మన దుఆలలో పలస్తీనా ప్రజల ప్రస్తావన వస్తున్నది. వారి కష్టము తీరాలని చేతులెత్తి వేడుకుంటున్నాము. కాని ఆ నేల మీద శాంతి ఏ మార్గాన రాగలదు, వచ్చిన శాంతి ఎందుకు నిలవలేదు అని మనము ఆలోచించేది తక్కువ. దుఆతో పాటు ఆలోచన కూడా విశ్వాసి బాధ్యతే. ఆ ఆలోచనను దూరదేశము నుండి కాక మన గడ్డ నుండే, గండికోట నుండే మొదలుపెడదాము.

పెన్నానది ఎర్రమల కొండలను చీల్చుకొని పారే లోయ అంచున గండికోట నిలిచి ఉన్నది. కోటలో అడుగుపెట్టిన వారికి జామియా మస్జిదు మినార్లు, మాధవరాయస్వామి ఆలయ గోపురము రెండూ కనిపిస్తాయి. చూడవచ్చిన వారు దీనిని మతసామరస్యానికి గుర్తుగా మెచ్చుకొని వెళతారు. ఆ మెచ్చుకోలులో నిజము లేకపోలేదు. అయితే ఆ రెండు కట్టడాల నడుమ జరిగిన చరిత్రను దాటవేసి సామరస్యము గురించి మాట్లాడితే అది సగము మాటే అవుతుంది.

విజయనగర కాలము నుండి ఈ కోట పెమ్మసాని నాయకుల ఏలుబడిలో ఉండేది. 1650లో గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా సేనాని మీర్ జుమ్లా దీనిని ముట్టడించి చిన్న తిమ్మానాయకుని నుండి వశపరచుకున్నాడు. పారశీకము నుండి వచ్చి, వజ్రాల వ్యాపారములో ఎదిగి, రాజ్యములో ఉన్నత పదవికి చేరినవాడు మీర్ జుమ్లా. 1652లో ఇక్కడికి వచ్చిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే తన యాత్రావృత్తాంతములో ఒక సంగతి రాశాడు. ఫిరంగులు పోత పోయించడానికి మీర్ జుమ్లా ఆలయాల లోహ విగ్రహాలను తెప్పించి కరిగింపజేశాడని, గండికోట ఆలయ విగ్రహాలు మాత్రము ఎంత ప్రయత్నించినా కరగలేదని ఆయన కథనము. కోట చేతులు మారిన తీరును గురించి స్థానిక కైఫీయతు మరొక మాట చెబుతున్నది. పోరు సాగలేక తిమ్మానాయకుడు సంధికి ఒప్పుకున్నాడట. కోటకు బదులుగా వేరే సీమ ఇస్తామన్న మాట మీద కోటను విడిచాడట. ఆ మాట నిలవలేదు సరికదా, విషప్రయోగముతో ఆయన ప్రాణమే పోయినదట.

సోదరులారా! ఆ సేనాని మన మతము వాడు కదా అని ఈ చరిత్రను మెత్తబరచి చెప్పుకోవలసిన అవసరము మనకు లేదు. యూదుల సినగాగులు, క్రైస్తవుల చర్చీలు, సన్యాసుల మఠాలు, మస్జిదులు అన్నింటినీ కూలిపోకుండా కాపాడవలసిన స్థలాలుగా దివ్యఖుర్ఆన్ హజ్ సూరాలో ఒకే వరుసలో పేర్కొన్నది. ఏ జాతి మీది ద్వేషమైనా మిమ్మల్ని న్యాయము తప్పేలా చేయకూడదని మాయిదా సూరాలో హెచ్చరించినది. కనుక మస్జిదె అఖ్సా ప్రాంగణములో బూట్ల చప్పుడు వినిపిస్తే కలిగే బాధ, గండికోట ఆలయానికి జరిగిన దానిని విన్నప్పుడూ మనకు కలగాలి. ఒకరికి ఒక తూకము, మనకు ఒక తూకము అయినచోట న్యాయము లేదు. న్యాయము లేనిచోట శాంతి గురించి మాట్లాడే అర్హతా లేదు.

ఇంతకూ ఆ విజయము ఎన్నాళ్ళు నిలిచినది? ఆరేళ్ళు తిరగకముందే మీర్ జుమ్లా తన సుల్తానునే విడిచి మొగలుల కొలువులో చేరాడు. 1687లో గోల్కొండయే ఔరంగజేబు వశమైనది. తరువాత ఈ సీమ కడప నవాబులకు, హైదరలీకి, టిప్పు సుల్తానుకు చేతులు మారినది. 1791లో కోట ఇంగ్లీషు సేనలకు చిక్కినది. మరుసటి సంవత్సరము శ్రీరంగపట్నము సంధితో నిజాముకు, 1800లో నిజాము నుండి కుంపినీకి పోయినది. నూట యాభై ఏళ్ళలో ఇన్ని చేతులు! బలము తెచ్చిన హక్కును మరొక బలము తీసుకుపోయినది. ఇక్కడే మిగిలినవారు పక్కపక్క ఇళ్ళలో బతికిన ప్రజలే. ఉగాది నాడు దేవుని కడప ఆలయానికి ముస్లిము కుటుంబాలు వెళ్ళే ఆనవాయితీ, కడప అమీన్‌పీర్ దర్గాకు హిందువులు రావడము ఆ ప్రజలు అల్లుకున్న బంధాలు. వాటి ధార్మిక విచారణ నేటి విషయము కాదు. కోటను గెలిచినవారు ఇవ్వలేని భద్రతను ఇరుగుపొరుగు వారు ఒకరికొకరు ఇచ్చుకున్నారన్నదే ఇక్కడ గమనించవలసినది.

మరి బలవంతుడు మాట నిలుపుకుంటే ఏమవుతుంది? దానికి ఉత్తమ ఆదర్శము మహాప్రవక్త (స) జీవితములోనే ఉన్నది. హిజ్రీ 6వ సంవత్సరములో, అనగా క్రీ.శ. 628లో, హుదైబియా వద్ద ఖురైషులతో పదేళ్ళ సంధి కుదిరినది. పత్రములో దైవప్రవక్త అన్న పదాన్ని ఖురైషుల ప్రతినిధి సుహైల్ అంగీకరించలేదు. ప్రవక్త (స) దానిని తుడిపివేయించారు. సంధి మాటలు ఇంకా సాగుతుండగానే సుహైల్ కుమారుడు అబూ జందల్ (రజి) సంకెళ్ళతో వచ్చి ముస్లిముల ఆశ్రయము కోరాడు. ఒప్పందము ప్రకారము ఆయనను తిప్పి పంపవలసి వచ్చినది. సహచరుల గుండెలు మండిపోయాయి. అయినా ప్రవక్త (స) ఇచ్చిన మాటను మీరలేదు. ఆ తరువాతి రెండేళ్ళలో ఇస్లాము పరిధి ఎంతగానో విస్తరించినది. ఖురైషుల పక్షము సంధిని భగ్నము చేసిన తరువాత మక్కా జయించబడినది. ఆనాడూ ప్రతీకారము బదులు సాధారణ క్షమాభిక్షే ప్రకటించబడినది.

ఆ బాటలోనే హజ్రత్ ఉమర్ (రజి) బైతుల్ మఖ్దిస్ నగరాన్ని స్వీకరించారు. నగరవాసుల ప్రాణాలకు, ఆస్తులకు, చర్చీలకు అభయమిచ్చారు. పునరుత్థాన చర్చిలో నమాజు చేయమని పాట్రియార్కు కోరినప్పుడు, తన తరువాత ముస్లిములు దానిని తమదని కోరుతారేమోనని బయట నమాజు చేశారని చరిత్ర గ్రంథాలలో ఉన్నది. రోమనుల నాటి నుండి నగరములో నివాసము నిషేధించబడిన యూదులకు మళ్ళీ అక్కడ ఉండే వీలు కలిగినది. 1099లో క్రూసేడు సేనలు అదే నగరములో ముస్లిములను, యూదులను ఊచకోత కోశాయి. 1187లో సలాహుద్దీన్ అయ్యూబీ దానిని తిరిగి గెలిచినప్పుడు ఆ రక్తానికి రక్తము కోరలేదు. 1192లో రిచర్డు రాజుతో కుదిరిన సంధి వల్ల నిరాయుధులైన క్రైస్తవ యాత్రికులకు నగర ప్రవేశము లభించినది. ఆ చర్చి తాళముచెవి నేటికీ ముస్లిము కుటుంబము వద్దనే ఉన్నది.

ఇక ఆధునిక కాలానికి వద్దాము. ఐరోపాలో నాజీలు 60 లక్షల యూదులను చంపారు. ఆ ఘోరానికి ఏ సంబంధమూ లేని పలస్తీనా ప్రజలలో ఏడు లక్షల మందికి పైగా 1948లో ఇల్లూ వాకిలీ కోల్పోయారు. రెండు జాతుల వేదనా నిజమే. ఒకదానిని చూపి మరొకదానిని కాదనలేము. 1967లో వెస్ట్‌బ్యాంకు, గాజా, తూర్పు జెరూసలేము ఆక్రమణలోకి పోయాయి.

ఆ తరువాత కుదిరిన రెండు ఒప్పందాలను పక్కపక్కన ఉంచి చూద్దాము. 1979లో ఈజిప్టు, ఇజ్రాయీలు సంధి చేసుకున్నాయి. ఎవరు ఏమి ఇవ్వాలో, ఎప్పటికి ఇవ్వాలో అందులో స్పష్టముగా రాసి ఉన్నది. 1982 నాటికి సినాయి ద్వీపకల్పము ఈజిప్టుకు తిరిగి వచ్చినది. సంధి చేసిన అన్వర్ సాదాత్‌ను 1981లో స్వదేశీయులే చంపినా, ఎన్నో ఉద్రిక్తతలు వచ్చినా, ఆ సంధి నేటికీ నిలిచి ఉన్నది. 1993లో యాసిర్ అరాఫాత్, యిట్జాక్ రబిన్‌ల నడుమ కుదిరిన ఓస్లో ఒప్పందము అలా కాలేదు. జెరూసలేము, సరిహద్దులు, శరణార్థులు, యూదు స్థావరాలు అన్న అసలు ప్రశ్నలన్నీ తరువాతి చర్చలకు వాయిదా వేయబడ్డాయి. ఆ వాయిదాలోనే మాట కరిగిపోయినది. స్థావరాలు పెరుగుతూ పోయాయి. 1994లో హెబ్రోను ఇబ్రాహీమీ మస్జిదులో నమాజు చేస్తున్న 29 మందిని ఒక యూదు ఉన్మాది కాల్చి చంపాడు. ఇజ్రాయీలు బస్సులలో ఆత్మాహుతి బాంబులు సామాన్యులను బలిగొన్నాయి. 1995లో రబిన్‌ను ఒక యూదు తీవ్రవాదియే హత్య చేశాడు.

ఆ దారి చివర ఏమున్నదో లోకము చూచినది. 2023 అక్టోబరు 7న ఇజ్రాయీలులో సుమారు 1,200 మంది చంపబడ్డారు, దాదాపు 250 మంది బందీలుగా పట్టుకుపోబడ్డారు. ఆపై గాజాలో, అక్కడి ఆరోగ్యశాఖ లెక్కల ప్రకారము, 2025 అక్టోబరు నాటికి 60,000 మందికి పైగా చనిపోయారు. వారిలో పసిబిడ్డలు వేలాదిగా ఉన్నారు. అమాయకుని ప్రాణము తీయడాన్ని మన ధర్మము ఏ పక్షాన జరిగినా సమర్థించదు.

సోదరులారా! రాయలసీమ ప్రజలకు ఈ పాఠము పుస్తకాల నుండి రానక్కరలేదు. ముఠాకక్షల గ్రామాలలో పెద్దల ముందు రాజీ కాగితము రాసుకోవడము, అవతలివాడు ఆయుధము దింపిన తరువాత మాట తప్పడము, ఆ పగ కొడుకులకూ మనుమలకూ వారసత్వముగా దక్కడము ఈ సీమకు తెలియనివి కావు. బలహీనునికి ఇచ్చిన మాటను బలవంతుడు నిలుపుకున్నప్పుడే రాజీ నిలుస్తుంది. తప్పినవాడు తనవాడైనా ఆ వర్గము పెద్దలే అతనిని నిలదీసినప్పుడే పగ ఆగుతుంది. పలస్తీనా, ఇజ్రాయీలుల నడుమ శాంతికి కూడా ఇదే దారి. పలస్తీనా వారికి తమ నేల, తమ రాజ్యము, తమ గౌరవము దక్కాలి. ఇజ్రాయీలు ప్రజలకు నిర్భయముగా బతికే హామీ ఉండాలి. ఈ రెండూ వాయిదాలు లేని, గడువు గల ఒప్పందముగా రాయబడాలి. 2002లో బేరూతులో అరబ్బు దేశాలన్నీ కలిసి ఇంచుమించు ఇదే ప్రతిపాదించాయి. 1967 సరిహద్దులకు వెనుదిరిగి పలస్తీనా రాజ్యానికి, శరణార్థుల సమస్యకు న్యాయమైన పరిష్కారానికి ఒప్పుకుంటే ఇజ్రాయీలుతో పూర్తి సంబంధాలు నెరపుతామన్నాయి. ఆ తలుపు ఇంకా మూసుకుపోలేదు.

ఇంత దూరాన ఉన్న మన వంతు ఏమిటి? మొదటిది, ఒక ప్రభుత్వము చేసిన అన్యాయానికి ఒక జాతిని దూషించకపోవడము. మన గుంటూరు ప్రాంతములో, చేబ్రోలు సమీపాన, తెలుగు మాట్లాడుతూ యూదు ధర్మాన్ని పాటించే బెనె ఎఫ్రాయిము కుటుంబాలు ఉన్నాయి. గాజాలో పడిన బాంబుకు వారు జవాబుదారులు కారు. ఎక్కడో జరిగిన దాడికి మనల్ని జవాబు అడిగితే మనకెంత బాధో, వారికీ అంతే. రెండవది, చేతిలోని ఫోనుకు వచ్చిన ప్రతి వార్తనూ నిజము తేల్చుకోకుండా ఇతరులకు పంపకపోవడము. మూడవది, మన మాటను మనము నిలుపుకోవడము. ఒప్పందము గల పరమతస్థునికి అన్యాయము చేసినవానికి వ్యతిరేకముగా ప్రళయదినాన తానే వాదిస్తానని ప్రవక్త (స) హెచ్చరించారు. అప్పు పత్రమైనా, పొలము గట్టు మాటైనా, పొరుగింటి హిందూ సోదరునికి ఇచ్చిన చిన్న వాగ్దానమైనా ఒప్పందమే. అక్కడ మాట తప్పుతూ ప్రపంచ శాంతి కోసము చేసే దుఆకు బలము ఎక్కడిది?

ఓ అల్లాహ్! పలస్తీనాలోని అణగారినవారికి న్యాయాన్ని, అనాథలకు ఆసరాను ప్రసాదించు. ఆ పవిత్రభూమిపై నివసించే వారందరి హృదయాల నుండి ద్వేషాన్ని తొలగించు. శాంతి కోసము శ్రమించేవారిని వారి వారి జనుల ఆగ్రహము నుండి కాపాడు. మమ్మల్ని ఒకే తూకముతో తూచేవారిగా, ఇచ్చిన మాటను నిలుపుకునేవారిగా తీర్చిదిద్దు. ఆమీన్.